ఒక్క సీజన్‌తో మూతపడే కాలేజీ కార్టూన్ తీయడం ఎలా?

ముందుగా ఒక హెచ్చరిక. ఇది పిల్లల కార్టూన్ తీసేవాళ్లకి కాదు. వాళ్లు హైదరాబాద్ వెళ్లి లడ్డూలు తినే కుర్రాణ్ణి గీసుకుని సుఖంగా ఉండొచ్చు. 2008లో మొదలైన ఛోటా భీమ్‌కి వయసు పెరగదు కాబట్టి కాలేజీలో చేరే గొడవ లేదు, చేరలేదు కాబట్టి ఫెయిలయ్యే గొడవా లేదు. మీ కోరిక వేరు. గోదావరి జిల్లాల కాలేజీ జీవితం మీద, మీసాలొచ్చినవాళ్లు చూసే కార్టూన్ సిట్‌కామ్ తీద్దామంటారు. తీయండి. కాకపోతే ఈ జాతి సిరీస్‌లకి ఆయుర్దాయం తక్కువని తెలిసే దిగండి.

2001లో అమెరికాలో ఎమ్‌టీవీ అండర్‌గ్రాడ్స్ అని ఒకటి వేసింది. చిన్నప్పటి స్నేహితులు నలుగురు కాలేజీల్లో పడి తలోదారీ కావడం కథ. దాని సృష్టికర్త పీట్ విలియమ్స్. ఆ నలుగురికీ గొంతు కూడా ఆయనదే. 13 ఎపిసోడ్లు నడిచి, మొదటి సంవత్సరం దాటకుండానే కథ ఆగిపోయింది. మన దగ్గర ఫస్టియర్‌లోనే సీటు వదిలేసి హోటల్ పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు గనక ఇందులో అవమానమేమీ లేదు.

గొంతుల పద్ధతి మాత్రం ఆయన దగ్గర నేర్చుకోండి. ప్రతి హాస్టల్లోనూ ఒకడుంటాడు. ప్రిన్సిపాల్ దగ్గు, వార్డెన్ నడక, అందరు హీరోల డైలాగులూ వాడి నోట్లోనే ఉంటాయి. వాడికి రెండు ప్లేట్ల పునుగులు పెట్టించి పాత్రలన్నీ అప్పగించండి. బడ్జెట్‌లో సగం మిగులుతుంది. వాడికి పాత బాకీలు ఎన్నున్నాయో మాత్రం పని అయ్యేదాకా అడక్కండి.

తర్వాత యాస. సినిమావాళ్ల సలహా అడిగితే ప్రతి వాక్యం చివర ఒక ‘ఆయ్’ తగిలించి, ప్రతి ఫ్రేములో ఒక కొబ్బరిచెట్టు నాటమంటారు. అలా చేస్తే మీ సిరీస్ పదేళ్లు నడుస్తుంది, కాబట్టి చేయకండి. పెద్దల కార్టూన్ అనగానే బూతులు రాయాలని కంగారుపడనూ వద్దు. బూతు ఎవడైనా తిడతాడు. మన వైపు మనిషిని అండీ అంటూనే ఒలిచి ఆరేస్తారు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడనుకోండి.

“రండి బాబూ, రండి. తమరు లేరని పాఠం ఎక్కడిదక్కడే నిలబడిపోయిందండి.”

“బస్సు రాలేదండి.”

“అయ్యో, తమరు ఎక్కుతారని దానికి ముందే కబురు పెట్టాల్సిందండి. ఇంతకీ టిఫినయిందా, తెప్పించమంటారా?”

ఇందులో ఒక్క తప్పు మాటైనా ఉందా? అయినా ఆ కుర్రాడు నాలుగు రోజులు తలెత్తడు. ఈ వెటకారాన్ని ఉన్నదున్నట్టు రాస్తే వేరే ఊళ్లవాళ్లకి అది మర్యాదలాగే వినిపిస్తుంది. వాళ్లకి నవ్వు రాదు, మనవాళ్లకి కోపం వస్తుంది. మూతపడటానికి ఇది మొదటి మెట్టు.

కాలేజీకి అసలు పేరు పెట్టకండి. పెడితే ఒక యాజమాన్యమే నోటీసు పంపుతుంది. పెట్టకపోతే అన్ని యాజమాన్యాలూ తమ గురించే అనుకుంటాయి. భవనం మాత్రం అందమైనదాన్ని చూసి గీయండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ మూలాలు 1853 నాటి స్కూల్లో ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం తెలుగు చెప్పిన చోటు అది. ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉండగా పాఠాలతో సరిపెట్టకుండా బొమ్మలు వేసే కుర్రాళ్లని చేరదీశాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆ నీడలో తయారైనవాళ్లే. రామారావు 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయినా ఆయన బొమ్మలు ఊళ్లో గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మలు వేసే పిల్లవాణ్ణి ప్రిన్సిపాల్ పిలిచి మెచ్చుకునే దృశ్యం ఒకటి మీ సిరీస్‌లో పెట్టి చూడండి. వాస్తవానికి దూరంగా ఉందని విమర్శకులే దాన్ని కోసేయమంటారు.

గీత గురించి బెంగ అక్కర్లేదు. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ ఎటూ ఈ నీళ్లవాళ్లే కాబట్టి బొమ్మా మాటా మనకి జన్మహక్కని గట్టిగా ప్రకటించి, పని మాత్రం వేరేవాళ్లకి అప్పగించండి. ఎందుకంటే లెక్క వేస్తే గుండె జారుతుంది. సెకనుకి 12 బొమ్మల చొప్పున పొదుపుగా వేసినా 22 నిమిషాల ఎపిసోడ్‌కి 15,840 బొమ్మలు. అందులో గోదావరి కనిపించిందా, చచ్చారే. పారే నీళ్లని కదిలించడంకన్నా కష్టమైన పని కార్టూన్‌లో తక్కువ. అందుకని కథని ఇసుక తిన్నెలు తేలే ఎండాకాలానికి మార్చండి. అప్పుడు కాలేజీకి సెలవులు కదా అని ఎవరైనా అడిగితే, మిగతా రోజుల్లో మాత్రం క్లాసులో ఎవరున్నారండీ అనండి.

అన్నట్టు హాజరు. ఇది మీ సిరీస్‌కి ప్రాణం, దీనికి మూడు ఎపిసోడ్లు ఇచ్చినా తక్కువే. కాకినాడ జేఎన్‌టీయూ లెక్కలో 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్యలో ఆగినవాళ్లు కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. అంతకన్నా తగ్గితే డిటైన్. ఈ పది శాతం సందులోనే మన జిల్లాల వైద్యశాస్త్రం వర్ధిల్లింది. సంక్రాంతి మూడు రోజులూ సెక్షన్‌లో సగంమందికి పచ్చకామెర్లు వస్తాయి. కోడిపందేల బరులు ఎత్తేసిన మర్నాడు అందరికీ ఒకేసారి తగ్గిపోతుంది. ఒకే డాక్టరు, ఒకే సిరా, ఒకే అక్షరదోషం. సర్టిఫికెట్ చూసిన క్లర్కు ఏమీ అనడు. “పుంజుకి కూడా కామెర్లేనాండీ, నెగ్గిందా?” అని మాత్రం అడుగుతాడు. ఇది హాస్యం అనుకుని రాస్తే విశ్వవిద్యాలయంవాళ్లు డాక్యుమెంటరీ అనుకుని చర్య తీసుకుంటారు.

ర్యాగింగ్ జోలికి వెళ్లొద్దు. 1997 నుంచి రాష్ట్రంలో దానికి చట్టం ఉంది. ప్రేమకథ కావాలంటే ఒకటి పెట్టుకోండి, పల్లెవెలుగు బస్సులో పుస్తకాలు పట్టుకున్నంత మేర. అమ్మాయిలకి మాత్రం డైలాగులు రాయండి. అది కొత్తగా ఉంటుంది. శేఖర్ కమ్ముల 2007లో హ్యాపీ డేస్‌తో ఇంజినీరింగ్ నాలుగేళ్లనీ అందంగా చూపించాక, వర్షం పడితే ప్రేమ పుట్టాలన్న నియమం కాలేజీ కథలకి అంటుకుంది. మన దగ్గర వర్షం పడితే వరి పడిపోతుంది. హీరో తండ్రి ఫోన్ చేసి పంట బీమా కాగితం ఎక్కడ పెట్టావురా అంటాడు. ఆ ఫోన్ని కోయకండి.

ఇక త్వరగా ముగించాలనుకునేవారికి అడ్డదారులు రెండున్నాయి. మొదటిది విగ్రహం. ఎమ్‌టీవీలోనే వచ్చిన క్లోన్ హై అనే స్కూలు కార్టూన్‌లో గాంధీ పోలికతో అల్లరి కుర్రాణ్ణి పెట్టారు. దానికి నిరసనగా 2003 జనవరిలో ఢిల్లీలో నిరాహారదీక్షలు జరిగాయి. అదీ అప్పట్లో 13 ఎపిసోడ్లతోనే సరి. మన దగ్గర కూడలికో విగ్రహం ఉంది. వాటిలో ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గుర్రానికైనా సరే, ఒక్క డైలాగ్ ఇచ్చారంటే ధవళేశ్వరం నుంచి కాలవ చివరికి నీళ్లు చేరేలోపు మీ సిరీస్ ఆగుతుంది.

రెండోది అంతకన్నా చిన్నది. హాస్టల్ గోడ మీద ఫ్లెక్సీ గీయండి. ఏ హీరో ఫ్లెక్సీ పక్కన ఎవరు నిలబడ్డారో, మెస్‌లో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో చూపించండి చాలు. హీరో పేరు అడిగితే ఇంకేం అడుగుతున్నారో ఈ జిల్లాల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. కులం అన్న మాట ఒక్కసారి కూడా రాయనక్కర్లేదు. సినిమాలు ఇన్నాళ్లుగా కాలేజీని చూపిస్తూ చూపించనిది ఆ బల్లలనే. పెద్దల కార్టూన్ అన్న పేరుకి న్యాయం చేసేది ఇదొక్కటే, కాబట్టి కోత పడేదీ ఇదే. తీసేయమని మీకు శ్రేయోభిలాషులు ఫోన్లు చేస్తారు. రెండు వైపుల నుంచీ.

ఆఖరి ఎపిసోడ్ సప్లిమెంటరీ ఫలితాల ముందురోజు ఆపండి. పాసయ్యాడో లేదో చెప్పకండి. విశ్వవిద్యాలయమే చెప్పనప్పుడు మీకేం తొందర? అండర్‌గ్రాడ్స్‌ని మధ్యలో వదిలేస్తే అభిమానులు మరిచిపోలేదు. 2018లో ఆన్‌లైన్‌లో చందాలు వేసుకుని మరీ సినిమా కావాలన్నారు. మీకూ అంత అదృష్టం పడితే కొత్త సంస్థ పెట్టకండి. మీ వీధి వినాయక చవితి కమిటీకి అప్పగించండి. రసీదు పుస్తకాలు మిగిలే ఉంటాయి, కట్టనివాళ్ల పేర్లు మైకులో ఎలా చదవాలో వాళ్లకి బాగా తెలుసు.