పంచాంగం పచ్చగా ఉంది

పంచాంగం పోతే నక్షత్రాలు పోతాయా అన్నది పాత సామెత. మన క్లౌడ్ ఇంజినీర్లు దాన్ని తిరగేశారు. పంచాంగం తప్పుల్లేకుండా రాశాం, కాబట్టి నక్షత్రాలు క్షేమం అంటున్నారు.

ఆ పంచాంగం టెర్రాఫామ్ ఫైలు. సర్వర్లు ఎన్ని ఉండాలి, ఎలా ఉండాలి అని అందులో రాసిపెడితే టెర్రాఫామ్ వెళ్లి అలాగే అమర్చి వస్తుంది. 2014లో వచ్చిన ఈ పనిముట్టు మీద నాకేం కోపం లేదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఫైలు చరిత్రలో ఉంటుంది. అన్నీ తెలిసిన ఒక్క పెద్దమనిషి సెలవు పెడితే ఆఫీసంతా తలలు పట్టుకునే రోజులు పోయాయి. పేచీ ఆ తర్వాతి అడుగులో ఉంది. 'ప్రతి డేటాబేసుకూ రోజూ బ్యాకప్ తీయాలి, 35 రోజులు ఉంచాలి, ఎవరూ చేత్తో చెరిపేయకూడదు' అన్న నియమాలను, అంటే కంట్రోల్స్‌ను కూడా అదే ఫైల్లో రాస్తారు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోని బ్యాకప్ ఆడిట్ మేనేజర్ వాటిని చదివి, ఎదురుగా ఉన్నవాటితో సరిచూసి, రోజూ రిపోర్టు ఇస్తుంది. అన్నీ పచ్చగా ఉంటే ఆడిటర్ గారు స్క్రీన్‌షాట్ తీసుకుని సంతకం పెడతారు. తర్వాత అందరూ కలిసి బిర్యానీకి పోతారు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ పిల్లలు కూడా ఈ పనుల్లో బాగానే కుదురుకున్నారు. పండక్కి గద్వాల వచ్చిన ఏ ఇంజినీరునైనా చెట్టు కింద కూర్చోబెట్టి అడగండి, సంభాషణ ఇలా నడుస్తుంది.

"బ్యాకప్‌లు మంచిగున్నయారా?"

"నూటికి నూరు అన్నా. అంతా కోడ్‌లనే ఉంది."

"ఎన్నడన్న తిరిగి తెచ్చి చూసినవా?"

"అది కంట్రోల్‌ల లేదన్నా."

లేదా? ఉంది. తిరిగి తేవడానికి ఎంతసేపు పట్టిందో కొలిచే కంట్రోల్, చివరి బ్యాకప్ అసలు ఎప్పుడు పుట్టిందో చూసే కంట్రోల్ ఆ జాబితాలోనే ఉన్నాయి. వాటిని ఎంచుకోవాలి, అంతే. ఏ ప్రశ్న అడగాలి, ఎవర్ని అడగాలి, ఎంత చెబితే చాలు అని తేల్చేది జవాబు చెప్పాల్సినవాడే కావడం ఈ ఏర్పాటులోని సొగసు.

'ఎవర్ని అడగాలి' అన్నదాన్ని కాస్త విప్పి చూద్దాం. కంట్రోల్ ఎవరి మీద పనిచేయాలో ట్యాగుతో చెప్పవచ్చు. 'ప్రొడక్షన్' అని ట్యాగు ఉన్నవాటినే చూడమంటే అది వాటినే చూస్తుంది. ఎవరో హడావిడిలో ట్యాగు మరిచిపోయి పెట్టిన డేటాబేసు, జీతాల పట్టీ ఉన్నదే కావచ్చు, పరీక్షకు రాదు కాబట్టి ఫెయిలూ కాదు. ఇక 35 రోజులు ఖర్చనిపిస్తే ఒకరు 35 కొట్టేసి 7 రాస్తారు, పక్క సీటాయన 'బాగుంది' అని ఆమోదిస్తారు. మర్నాటి రిపోర్టు మళ్లీ పచ్చ. ఇరవై ఎనిమిది రోజులు ఎటు పోయాయని ఏ డాష్‌బోర్డూ అడగదు. ఇదంతా చరిత్రతో సహా నమోదైంది గదా అని గర్వపడతారు కూడా.

బ్యాకప్ ఉందనుకోవడానికీ ఉండటానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో చెప్పడానికి, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే సంస్థ గిట్‌ల్యాబ్ చాలు. 2017 జనవరి 31 రాత్రి అక్కడో ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు ఫోల్డరే చెరిపేశారు. వాళ్లకు అయిదు రకాల రక్షణలు ఉండేవి. వెతికితే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. ఆరు గంటల సమాచారం పోయింది. గిట్‌ల్యాబ్ వాళ్లు ఆ తప్పుల్ని దాచకుండా లోకానికి చెప్పారు, అది వాళ్ల గొప్పతనం. మనవాళ్లయితే 'షెడ్యూల్డ్ మెయింటెనెన్స్' అనేవారు.

2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు జరిగింది ఇంకా ముచ్చటైనది. వాళ్ల కోసం క్లౌడ్ ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ సొంత పనిముట్టులో ఒక గడి ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే ఏడాది గడువు అని అది అర్థం చేసుకుంది. ఏడాది నిండగానే ఎవర్నీ అడగకుండా ఆ ఏర్పాటును తుడిచేసింది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు తమ ఖాతా చూసుకోలేకపోయారు. అన్నీ రాసినట్టే జరిగాయి, రాయనిది కూడా రాసినట్టే జరిగింది. మరో సంస్థ దగ్గర విడిగా దాచుకున్న కాపీలు ఆదుకోబట్టి గట్టెక్కారు.

విడిగా దాచుకోవడం గురించి నడిగడ్డ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు మగ్గాలే నీటిపాలయ్యాయి, కాగితాల సంగతి చెప్పేదేముంది. అది చూసినవాళ్లు పొలం రికార్డైన పహాణీ జిరాక్సు ఒకటి వేరే ఊళ్లో కూతురింట్లో పెడితే చాదస్తమంటాం. అదే పని క్రాస్ రీజియన్ కాపీ అన్న పేరుతో చేసి గిగాబైటుకింత అని వసూలు చేస్తే ఆర్కిటెక్చర్ అంటాం.

తెలంగాణ సర్కారు వైపు చూడండి. 2017లో భూ రికార్డుల శుద్ధీకరణ, 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి. మధ్యలో 2024 డిసెంబర్‌లో పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి మారింది. ప్రతిసారీ తెర మీద అంతా స్పష్టంగానే ఉంది. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ ధరణిలో లేకపోయినా తెర మాత్రం బోసిగా కనిపించలేదు, ఎందుకంటే లేని గడి ఖాళీగా ఉండదు. పేచీ వచ్చిన రోజు ఆఫీసులో ముందు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ ఉందా అని. డెబ్బై ఏళ్ల నాటి ఆ కాగితానికి ట్యాగు లేదు, పచ్చ టిక్కు లేదు. తహసీల్దారు ముందు, కోర్టు ముందు మళ్లీ మళ్లీ బయటికి తీసి చూపిన అలవాటు ఉంది.

అలంపూర్ వెళ్తే ఇంకో నమూనా కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, తెచ్చి, అలంపూర్‌లో మళ్లీ కట్టారు. చాళుక్యుల నాటి గుడి. 'ప్లాన్ చూశాం, సంతృప్తికరం' అని రాసి ఫైలు మూస్తే ఇవాళ అక్కడ ప్రదక్షిణకు గుడి ఉండేది కాదు.

క్లౌడ్‌లో ఇలా తిరిగి నిలబెట్టి చూడటం అంత కష్టం కూడా కాదు. బ్యాకప్‌ను షెడ్యూలు ప్రకారం తిరిగి తెచ్చి, సరిచూసి, ఆ నకలును చెరిపేసే సౌకర్యాన్ని ఏడబ్ల్యూఎస్ 2023 నవంబర్‌లోనే ఇచ్చింది. దాన్నీ అదే టెర్రాఫామ్ ఫైల్లో కొన్ని వరసల్లో రాయవచ్చు. రాయరు. తిరిగి తెచ్చిన డేటాబేసు నడిచినంతసేపూ మీటరు తిరుగుతుంది, నెలాఖరు సమావేశంలో ఆ బిల్లుకు జవాబు చెప్పాలి. అంతకన్నా ఇబ్బంది, అది ఎర్రగా రావచ్చు.

2025 నవంబర్‌లో వెలువడిన వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు బ్యాకప్‌ల ప్రస్తావన సూటిగానే తెచ్చాయి. భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే చట్టం ప్రకారం జరిమానా 250 కోట్ల దాకా వెళ్లవచ్చు. సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. కంపెనీలకు అంత సమయం అక్కర్లేదు. ఫైలుకు కొత్త పేరు పెట్టి, ఆ 7ను ఒక వేరియబుల్‌గా మార్చితే ఒక మధ్యాహ్నం పని.