జ్ఞానదంతం సీనియర్

ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి ఆయన ఒకరుంటారు. లంచ్ టైంలో ఎవరైనా బుగ్గ పట్టుకుంటే చాలు, తన క్యారేజీకి మూత పెట్టేసి కుర్చీ లాక్కుంటూ వచ్చేస్తారు. "ఏ పక్క? పైదా, కిందదా?" కిందదే అని తేలితే ఆయన మొహం వెలిగిపోతుంది.

"నా ఎక్స్‌రే చూడండి." ఫోన్‌లో కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలన్నీ దాటించి, దవడంతా కనిపించే ఎక్స్‌రే తీస్తారు. అందులో చివరి పన్ను నిటారుగా లేచే ఓపిక లేక పక్క పన్ను మీదికి ఒరిగి ఉంటుంది. "నాది ముప్పై ఎనిమిది. మీది నలభై ఎనిమిది అయ్యుంటుంది."

"నాకున్నవే ముప్పై రెండు కదండీ!"

ఆయన కాచుకున్నది ఆ మాట కోసమే. డాక్టర్లు నోటిని నాలుగు భాగాలు చేసి భాగానికి ఎనిమిది చొప్పున నంబర్లు వేస్తారనీ, ఎడమవైపు కింద చివరిది 38, కుడివైపుది 48 అనీ వివరించేసరికి అవతలివాడి సాంబారు చల్లారిపోతుంది.

ఇక పీకించుకున్న కథ. ఆయన చెబితే అందులో మత్తుసూది చీమ కుట్టినంతే. వాళ్ళావిడ చెబితే వేరు. పెదవి మొద్దుబారి ఉండగానే మంచినీళ్ళు తాగబోయి చొక్కా తడుపుకున్నారట. ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రా వాడొద్దు, సిగరెట్ ముట్టొద్దు అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపారు. గుంతలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత; అది ఊడితే కింద ఎముక బయటపడుతుంది. మొదటి మూడూ నిష్ఠగా పాటించారు. రెండోరోజు బుగ్గ ఇంకా వాచిందని కంగారుపడి (వాపు ఎక్కువగా ఉండేదే రెండు మూడు రోజులకి), మేడమీదికెళ్ళి నాలుగోదాన్ని వెలిగించారు.

మర్నాటి రాత్రికి నొప్పి చెవిదాకా పాకింది. డ్రై సాకెట్. గుంత కడిగి మందు పెట్టించుకుని ఇంటికొస్తే నోరంతా లవంగాల వాసన. ఆ మందులోని యూజెనాల్ లవంగనూనెలో ఉండేదే. "మొదటిరోజే లవంగం పెట్టుకోమంటే మూఢనమ్మకం అన్నావుగా!" అంది వాళ్ళమ్మ. అదే ఊపులో, పైపళ్ళు పీకిస్తే చూపు పోతుందన్న మాటనూ నెగ్గించుకోబోయింది. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని వాదిద్దామంటే, నోరు రెండువేళ్ళ మందం మించి తెరుచుకోలేదు ఆయనకి.

ఇప్పుడు డ్రై సాకెట్ ఆయనకి పతకం. సిగరెట్ మాత్రం కథలోంచి రాలిపోయింది. ఇచ్చే సలహాలకి వంక పెట్టలేం: మొదటిరోజు బుగ్గమీద ఐస్, మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, చల్లార్చిన రాగిజావ, మెత్తటి పెరుగన్నం. ఆవకాయ వైపు చూడనే కూడదు.

ఆయన 48 మాత్రం భద్రంగా దవడలోనే ఉంది. దానిమీది చిగురు కింద మెతుకులు ఇరుక్కుని రెండుసార్లు వాచింది కూడా. దసరా వెళ్ళనివ్వండి అన్నారు, దీపావళి అన్నారు, ఇప్పుడు కార్తీక వనభోజనాలు అడ్డొచ్చాయి. అందాకా ఎడమవైపే నములుతూ, "మీరు మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. రేపే వెళ్ళి పీకించేసుకోండి" అంటున్నారు.