చీజ్ గిన్నెలో సలాడ్: ఆఫీసు పాట్‌లక్‌కు ఏడు చిట్కాలు

శుక్రవారం టీమ్ పాట్‌లక్. పులిహోరకు ఇద్దరు, చికెన్ 65కు నలుగురు అప్పుడే పేర్లు రాయించేశారు. మీకు మిగిలింది సలాడ్. కీరదోస ముక్కలు స్టీలు డబ్బాలో పట్టుకెళ్తే అప్రైజల్ నాటికి మీరెవరో మేనేజర్‌కు గుర్తుంటారా? అందుకే చీజ్ గిన్నె. తురిమిన చీజ్‌ను పలచగా పరిచి, ఓవెన్‌లో కరిగించి, వేడి మీదే బోర్లించిన గిన్నెకు అద్దితే, ఆరాక కరకరలాడే గిన్నె ఊడొస్తుంది. ఇటలీలో ఫ్రియులి ప్రాంతంవాళ్లు ఇలాంటిదాన్నే ఫ్రికో అంటారు. అమీర్‌పేట ఫ్లాట్‌లో చేసే పద్ధతి వేరు.

1. చేతికందిన చీజ్ వాడండి. ఏడాదికి పైగా మాగి, నీరు తగ్గి గట్టిపడిన పార్మెజాన్ లాంటిదైతేనే కరకరలాడుతుందని తెలిసినవాళ్లు చెబుతారు. వినకండి. పిజ్జా కోసం తెచ్చిన మొజరెల్లా ఫ్రిజ్‌లో ఉండగా ఖర్చెందుకు? అందులో దాదాపు సగం నీరే కాబట్టి గిన్నె నిలబడదు, సాగుతుంది. అదీ లేకపోతే పనీర్ పెట్టండి. నిమ్మరసంతో విరిచిన పాలముద్ద ఎంత కాల్చినా కరగదు. మీరు మాత్రం ఓవెన్ ముందు నుంచి కదలకండి.

2. ప్యాకెట్ చదవకండి. అసలైన పార్మిజానో రెజ్జానోకు పాలు గడ్డకట్టించేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే. అది ఆ చీజ్ నిబంధన. ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే ఈ గొడవే ఉండదు. మీరు చూడకుండా కొని, ‘ప్యూర్ వెజ్’ అని చీటీ అంటించండి. రెన్నెట్ సంగతి అందరూ తిన్నాక చెబితే చర్చ రక్తి కడుతుంది.

3. కాల్‌లో ఉండగానే కాల్చండి. 180 డిగ్రీల్లో అయిదారు నిమిషాలు చాలు. అంచులు బంగారు రంగుకు తిరగ్గానే తీసెయ్యాలి. తీశాక వంచడానికి దొరికేది అరనిమిషం. సరిగ్గా అప్పుడే స్క్రీన్ షేర్ చెయ్యండి. తిరిగొచ్చి వంచబోతే అప్పడంలా ఫెళ్లున విరుగుతుంది. ఆ ముక్కల్ని ‘డీకన్‌స్ట్రక్టెడ్ బౌల్’ అనండి. ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

4. రాత్రే నింపేయండి. వడ్డించే నిమిషంలో నింపడం పని లేనివాళ్ల పద్ధతి. కీరా, టమాటా తరిగి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు తగలగానే కీరా నీరు వదులుతుంది. తెల్లారేసరికి అడుగు నాని, గిన్నె సలాడ్‌లో కలిసిపోయి ఉంటుంది. తినడం ఇంకా సులువు.

5. పర్యావరణాన్ని ప్లాస్టిక్‌లో చుట్టండి. గిన్నె కూడా తినేస్తాం, చెత్తే ఉండదు అని ముందే గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి. తర్వాత ఒక్కో గిన్నెనూ ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో దించి, చుట్టూ బబుల్ ర్యాప్ కుక్కి, డబ్బాలన్నీ పెద్ద కవర్లో వేయండి. దాన్ని గుండెలకు హత్తుకుని అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, ఆఫీసువేళ రద్దీలో రాయదుర్గం దాకా నిలబడండి.

6. లెక్క సగమే రాయండి. వంద గ్రాముల కీరాలో సుమారు 15 కేలరీలు. దాన్ని మోసే గిన్నెకు 40 గ్రాముల పార్మెజాన్ పడితే సుమారు 160. ఫోన్‌లోని డైట్ యాప్‌లో ‘సలాడ్’ అని మాత్రం నమోదు చేయండి. గిన్నెల సంగతి ఆ యాప్ అడగదు.

7. జొన్నల మాట ఎత్తనివ్వకండి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలను, ప్లేట్లను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అంతకు చాలా ముందే, 2010లో, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసి వచ్చిన నారాయణ పీసపాటి హైదరాబాద్‌లోనే బేకీస్ అనే కంపెనీ పెట్టి జొన్న, బియ్యం, గోధుమ పిండితో తినే చెంచాలు చేయించారు. గిన్నె అయినా అంతే: పిండి కలిపి, అచ్చులో పెట్టి, గట్టిగా కాల్చడమే. తడి తగిలితే చీజ్‌లా వెంటనే చతికిలబడదు. హైటెక్ సిటీకి, ఇక్రిశాట్ 1972 నుంచి ఉన్న పటాన్‌చెరుకు మధ్య దూరం పెద్దదేం కాదు. అయినా జొన్న అంటే అమ్మమ్మ గుర్తొస్తుంది, పార్మెజాన్ అంటే ఆన్‌సైట్ గుర్తొస్తుంది. ఏది ఎంచుకోవాలో వేరే చెప్పాలా?

భోజనాలయ్యాక సలాడ్ అయిపోతుంది, నానిన గిన్నెలు డబ్బాలకు అతుక్కుని మిగిలిపోతాయి. ఆకుపచ్చ బుట్టలో వేయాలా, నీలం బుట్టలోనా అని హౌస్‌కీపింగ్ అక్క అడుగుతుంది. ‘అది తినేదే అక్కా’ అనండి. ‘మరి తినలేదేం సార్?’ అంటుంది. అప్పుడు మీకో మీటింగ్ ఉంటుంది.