కుండీకి చిల్లేదిరా అబ్బాయ్?

నువ్వు అల్లం పెంచుతున్నావట కదా. ఫోన్లో ఫొటో పెట్టావట, ఊరంతా చప్పట్లట. మా డాబా మీద మా మనవడూ అదే పనిలో ఉన్నాడు. ఓ ప్లాస్టిక్ తొట్టి, అందులో కొబ్బరిపొట్టు, పొద్దున్నే నీళ్ళు పొయ్యమని ఫోన్లో గంట. మా రోజుల్లో అల్లం పెంచడమంటూ వేరే ఓ పని ఉండేది కాదు నాయనా. నూతి గట్టు దాటితే అరటిచెట్లు, వాటి నీడన కాస్త మెరక మీద అల్లం మడి. కూర పొయ్యిమీద ఉండగానే మా మామ్మ వెళ్ళి, మొక్క పక్కన మట్టి వేళ్ళతో తప్పించి, ఓ కొమ్ము విరుచుకుని, మళ్ళీ మట్టి కప్పేసి వచ్చేది. మొక్క మానాన మొక్క పెరిగేది. ఫ్రిజ్జు లేదు, అందులో వాడి వడలిపోవడమూ లేదు.

రోహిణి కార్తె వచ్చిందంటే అటకమీద ఇసకలో దాచిన పాత దుంపలు కిందికి దిగేవి. బొద్దుగా ఉండి కన్ను లేచినవి ఏరి, ముక్కకి ఒకటో రెండో కళ్ళుండేలా విరిచి, విరిచినచోట తడి ఆరేదాకా నీడన పెట్టి, రెండంగుళాల లోతున కన్ను పైకి చూసేలా పూడ్చేది మామ్మ. పైన ఎండుటాకులూ వరిగడ్డీ కప్పేది. ఇంక దాని జోలికి ఎవరైనా వెళ్తే వీపు చిట్లిపోయేది. మీరేమో మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూస్తారు! ఎనిమిది తొమ్మిది నెలల పంట అది. సంక్రాంతి నాటికి ఆకు పండి ఎండిపోతే అప్పుడు తవ్వాలి. గంట కొట్టగానే సరుకు గుమ్మంలోకి వచ్చే కాలంలో పుట్టినవాళ్ళకి ఈ మాట ఎలా ఎక్కుతుంది?

అసలు సంగతి నీళ్ళు. అల్లానికి తడి కావాలి, నిలవ నీరు పనికిరాదు. నీరు నిలిచిందా, పితియం అనే తెగులు క్రిమి దుంపలో చేరుతుంది. ఆకు కొసనుంచి పసుపెక్కుతుంది, కాండం పట్టి లాగితే మెత్తగా చేతికి ఊడొస్తుంది. దుంపకుళ్ళు అంటారు. ఒకసారి పట్టాక వైద్యం చెయ్యడం కష్టం, ముందే నీటికి దారి చూడాలి. మా ఊరి ఎగువన ప్రాజెక్టు కడుతున్నారు చూశావా, 50 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా దాటిపోయేలా స్పిల్‌వేకి 48 గేట్లు పెట్టారు. అదే పోలవరంలో, నా డాబా మీద, మా మనవడి తొట్టికి అడుగున ఒక్క చిల్లు లేదు! అడిగితే నీళ్ళు కిందపడి డాబా పాడవుతుంది తాతయ్యా అంటాడు.

ఆ మాటకొస్తే మా మడి మాత్రం ఏం వెలగబెట్టిందిలే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు ఇక్కడ పెరడేది, గోదారేది! నీళ్ళు తీశాక ఆ మడి దగ్గర ముక్కు మూసుకోకుండా నిలబడినవాడు లేడు. మంచి ఏళ్ళలో కూడా అది మామ్మ కూరలకి సరిపోయేది, పచ్చడికి సంత అల్లమే గతి. ఈ సంగతి మా మనవడికి చెప్పకు.

పచ్చడంటే గుర్తొచ్చింది, రాజమండ్రి నుంచి లాంచీలో వస్తుంటే అల్లం మొరబ్బా అమ్మేవాళ్ళు. కడుపులో తిప్పుతోందని కొనిపించుకుని, ఏ తిప్పుడూ లేకుండా హాయిగా చప్పరించేవాళ్ళం. ఇప్పుడు కార్లో గంటన్నరలో తెచ్చి పడేస్తున్నారు. తిప్పుడు మటుకు నిజంగానే ఉంటోంది, మొరబ్బా లేదు.

మా మనవరాలు అల్లంలో పోషకాలు చదివి వినిపించింది. 100 గ్రాముల పచ్చి అల్లంలో 80 కేలరీలు, 415 మిల్లీగ్రాముల పొటాషియం, 5 మిల్లీగ్రాముల సి విటమినూ ఉన్నాయట. వంద గ్రాముల అల్లం ఓ పూటలో ఏ మొనగాడు తింటాడమ్మా అన్నాను. సి విటమిన్ కావాలంటే పెరట్లో జామకాయ కొరుక్కో, బోలెడుంది. అల్లం గొప్పంతా ఘాటులో ఉంది. ఆ ఘాటు జింజెరాల్‌ది. ఎండబెట్టి శొంఠి చేస్తే అందులో కొంత షోగాల్‌గా మారి ఇంకా మండుతుంది. మామ్మకి ఈ పేర్లేవీ తెలీవు. బాలింతకి మొదటి ముద్దలో శొంఠిపొడీ నెయ్యీ, వేవిళ్ళ పిల్లకి అల్లం ముక్కా, అంతే ఆవిడ వైద్యం. వికారానికి అల్లం పనిచేస్తుందని డాక్టర్లూ ఒప్పుకున్నారు. శొంఠి లేని కషాయం లేదని ఊరికే అన్నారా? 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ వాళ్ళు తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష కలిపి కషాయం తాగమంటే, అంతవరకు నన్ను చాదస్తం అన్నవాళ్ళే శొంఠికొమ్ము అప్పివ్వమని మా గుమ్మంలో నిలబడ్డారు. అది తాగితే కరోనా పోయిందని నేననను. గొంతుకి హాయిగా ఉండేది.

ఇప్పుడు వంటింట్లో రోలు లేదు. అల్లం వెల్లుల్లి ముద్ద ప్యాకెట్లో వస్తుంది, వెనకాల సన్నక్షరాల్లో ఉప్పూ సిట్రిక్ యాసిడూ. ఆ కూర తిని కూడా కోడలితో బావుందమ్మా అనే అంటాననుకో. పోయినేడు నాకు రక్తం పల్చబడే మాత్ర రాసిన డాక్టరు, అల్లం మరీ ఎక్కువ పుచ్చుకోవద్దండి అన్నాడు. కషాయం మానేశాను. పెసరట్టు మీద తరిగిన అల్లమూ, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడీ మాత్రం మానలేదు. ఆయన మందుల సంగతి అడిగాడు గానీ టిఫిన్ల సంగతి అడగలేదు కదా.