కనపడని చోటు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఓనరుకు ఆరు లారీలున్నాయి. బండి టోల్‌గేటు దాటితే చాలు, ఫాస్టాగ్‌లో డబ్బు కట్టయినట్టు ఆయన ఫోనుకు మెసేజ్ వస్తుంది. హైదరాబాదు లోడు చిల్లకల్లు గేటు ఎన్నింటికి దాటిందో, కొర్లపహాడ్ గేటు ఎన్నింటికి దాటిందో ఆయనకు తెలుసు. మధ్యలో ఏం జరుగుతోందో తెలియదు. ఒక బండి మాత్రం ఆ మధ్యలో మిగతావాటికన్నా ఆలస్యం చేస్తోంది. డ్రైవర్ని అడిగితే టీ తాగానంటాడు.

జీపీఎస్ పెట్టించాలనుకున్నాడు ఓనరు. కబురందుకున్న కంపెనీ కుర్రాడు వచ్చి మూడు రకాలు బల్లమీద పరిచాడు.

మొదటిది డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్‌లో గుచ్చేది. వైరింగ్ పనిలేదు.

"గుచ్చడం ఎంత తేలికో పీకడమూ అంతే" అని ఓనరు దాన్ని పక్కకు నెట్టాడు.

రెండోది అయస్కాంతంతో ఛాసిస్‌కి అతుక్కునేది. సొంత బ్యాటరీ ఉంది.

"ఛార్జింగు ఎవరు పెడతారు?"

"డ్రైవరే పెట్టుకుంటాడు సార్."

అదీ పక్కకు పోయింది.

మూడోది లారీ బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటుంది. వైరు కోస్తే లోపలి చిన్న బ్యాటరీతో ఆ సంగతి చెప్పేస్తుంది. సిగ్నల్ లేనిచోట తిరిగిన దారిని దాచుకుని, సిగ్నల్ రాగానే పంపుతుంది. అమెరికా జీపీఎస్‌తోపాటు మన ఇస్రోవాళ్ల నావిక్ ఉపగ్రహాలనూ అందుకుంటుంది.

"డీజిలు తీస్తే?"

"దానికి ట్యాంకులో సెన్సర్ రాడ్డు దించాలి సార్. రేటు వేరే."

"దించు."

బేరం తెగాక ఓనరు ఒక్క షరతు పెట్టాడు. డ్రైవరుకు తెలియకూడదు.

మర్నాడు డ్రైవర్ని భోజనానికి పంపి, బండి ఎలక్ట్రీషియన్‌కు అప్పగించారు. సీటు వెనకైతే చూస్తాడన్నాడు ఎలక్ట్రీషియన్. మీటరు బోర్డు వెనక మేలన్నాడు. అక్కడ పైనంతా ప్లాస్టిక్కే, సిగ్నల్‌కు ఇనుము అడ్డురాదు, ఎవరి చెయ్యీ అటు పోదు. స్క్రూలు విప్పాడు. టార్చి వేసి చెయ్యి దూర్చి ఆగిపోయాడు.

"సార్, ఇక్కడ ఆల్రెడీ ఒకటుంది."

ఓనరు క్యాబిన్ ఎక్కి వంగి చూశాడు. వైర్ల కట్ట వెనక నల్లటేపు చుట్టిన డబ్బా, అగ్గిపెట్టెంత. టేపు మీద దుమ్ము పేరుకుంది. అంచున పచ్చలైటు ఆరుతూ వెలుగుతోంది.

"పనిచేస్తోంది సార్. సిమ్ము కూడా బతికే ఉంది."

"మనం పెట్టించలేదే!"

డ్రైవరు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. విప్పిన బోర్డు చూశాడు. ఎలక్ట్రీషియన్ చేతిలోని కొత్త డబ్బా చూశాడు. ఏమీ అనలేదు.

"ఇదెవరు పెట్టార్రా?" అన్నాడు ఓనరు, పాతదాన్ని చూపిస్తూ.

"ఫైనాన్సువాళ్లండీ. షోరూంలో బండి తీసుకున్న రోజునే బిగించారు. వాయిదాలు ఆగితే బండెక్కడుందో తెలియాలంట."

"మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీకు తెలియనివ్వొద్దన్నారండీ, నన్ను నమ్మి."