ఈడూజోడూ చూడని జత

మా రోజుల్లో సంతలో ఎద్దును కొనేవాడు ముందు పండ్లు చూసేవాడు, తర్వాత నడక చూసేవాడు. ఇప్పటికీ పులివెందుల పక్క బండలాగుడు పోటీలకు ఎద్దులను తయారుచేసే రైతు పాలపండ్లా, నాలుగు పండ్లా, ఆరు పండ్లా అని చూసి ఊరుకోడు. రెండిటినీ విడివిడిగా నడిపించి, అడుగు కలుస్తుందనుకుంటేనే కాడి వేస్తాడు. పల్లెలో అందరికీ తెలిసిన ఈ సంగతి, బొమ్మ రైలింజన్లు కొనే నేటి పిల్లల తలకెందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

నేను గుంతకల్లు డివిజన్లో డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైనవాణ్ణి. ప్రొద్దుటూరులో మా మిద్దె మీది గదిలో 87వ వంతు కొలతతో పట్టాలు పరిచి పెట్టుకున్నాను. మొన్న సెలవులకు జమ్మలమడుగు నుంచి మనవడు కొత్త ఇంజను పట్టుకొని వచ్చాడు. దాన్ని రైలు ముందర, నా పాతదాన్ని వెనక కట్టాడు. రెండిటికీ కంపెనీ ఇచ్చిన నంబరు 3 అట్లే ఉంది. ఫోన్‌లో వేగం పెంచాడు. కొత్తది ఉరికింది, పాతది కదల్లేదన్నట్టు పట్టుకుంది. వంపులో నడిమి వ్యాగన్లు బిగిసిన తాడులాగా లోపలికి లాక్కొని పడిపోయినాయి.

"నంబరు ఒకటే కదా తాతా, వేగం కూడా ఒకటే ఉండాల కదా?" అన్నాడు. కాదురా నాయనా. నంబరు ఒకటైతే రెండూ ఒకే ఆజ్ఞ వింటాయి, అంతే. అడుగు కలవాలంటే వేరే పని ఉంది.

"మీరు పెద్ద ఇంజన్లకు ఇంత తూకం చూసినారా?" అని కూడా అడిగాడు. చూడలేదు, అవసరం లేదు. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రానికి బొగ్గు రైలు తీసుకుపోయేటప్పుడు రెండు డీజిళ్లను మధ్యలో కేబులుతో కలిపేవాళ్లం. ముందు క్యాబులో ఒక్క డ్రైవరు, ఎనిమిది నాచ్‌ల హ్యాండిలు. ఒకదాని చక్రం కాస్త అరిగి ఉన్నా, సిరీస్ మోటార్లు భారాన్ని తమలో తామే సర్దుకునేవి. బరువు మీద పడిన మోటారు కాస్త నెమ్మదించి, కరెంటు ఎక్కువ తీసుకొని లాగేది. బొమ్మ ఇంజనుకు ఆ సర్దుబాటు లేదు. దానిలో వర్మ్ గేరు ఉంటుంది: మోటారు చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం మోటారును తిప్పలేదు. వెనకది నెమ్మదైతే ముందరిదానికి అది బ్రేకు వేసిన బండే.

నా చిన్నతనంలో ప్రొద్దుటూరుకు రైలు లేదు. ఎర్రగుంట్ల దాకా పోయి, మద్రాసు, రాయచూరు మధ్య 1871 నుంచి నడుస్తున్న దారి పక్కన నిలబడి చూసేవాళ్లం. ఆవిరి ఇంజన్లు రెండు కలిపితే రెండింటికీ వేరువేరు డ్రైవర్లు. మధ్యలో తీగ లేదు, ఈలే వాళ్ల మాట. ఒకడు ఈల వేస్తే రెండోవాడు చెవితో అందుకొని రెగ్యులేటరు సర్దేవాడు. 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల మధ్య 123 కిలోమీటర్ల లైను పూర్తయింది, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ దాని మీదే ఉన్నాయి. ఇప్పుడు రైలు ఇంటి ముందుకే వచ్చింది, నిలబడి చూసే పిల్లవాడు మాత్రం నాకు కనపడడు.

బొమ్మ ఇంజన్లతో మేము పడిన పాట్లు వేరు. పట్టాలకు 12 వోల్టులు, మీట తిప్పితే రెండింటికీ ఒకే వోల్టేజీ. ఉరికేదాన్ని ఆపాలంటే దాని తీగలో డయోడ్లు వరసగా అతికించేవాళ్లం, ఒక్కొక్కటి 0.7 వోల్టు దించేది. గడియారం పెట్టి ఒక చుట్టు, ఇంకో డయోడు, మళ్లీ చుట్టు. ఇంజన్ల బరువు సమానమా అని మా వీధిలో బంగారం కొట్టు త్రాసు మీద పెట్టి చూసుకున్నాం. అంతా చేసినా ఒక వేగం దగ్గరే కలిసేది, నిదానం మీద మళ్లీ విడిపోయేది.

ఇప్పుడు ఇంజను లోపల ఆజ్ఞలు వినే డీకోడర్ అనే చిప్పులో అన్నీ ఉన్నాయి. దానిలో సివి అనే అంకెల గడులుంటాయి: సివి 2 బయలుదేరే వోల్టేజీ, 6 నడిమి వేగం, 5 గరిష్ఠం. ఇంకా సన్నంగా కావాలంటే 67 నుంచి 94 దాకా 28 మెట్ల పట్టిక. మేము కలలో కూడా అనుకోని వసతి అది. కానీ ఎవరు చూస్తున్నారు? మా మనవడు విసుగుతో నా పాత ఇంజనుకు సివి 8లో 8 వేసినాడు. ఆ ఒక్క అంకెతో ఆ ఇంజను మొత్తం ఫ్యాక్టరీ స్థితికి పోయింది, నేను రెండు సాయంత్రాలు కూర్చొని నింపిన పట్టిక తుడిచిపెట్టుకుపోయింది. అంకెలన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి మళ్లీ ఎక్కించాను. పుస్తకం ఎందుకని అడిగినవాడికి అదే జవాబు.

మరుసటి రోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. ఇంజన్లను అటూ ఇటూ పావుగంట పరిగెత్తించి వేడెక్కించాం. వేగం పుంజుకోవడానికీ, తగ్గడానికీ ఉన్న సివి 3, 4లను సున్నా చేశాం. పట్టాల మీద ఒక మీటరు గుర్తు పెట్టుకున్నాం. 87వ వంతులో గంటకు 60 కిలోమీటర్లంటే ఆ మీటరు 5.2 సెకన్లలో దాటాలి. నెమ్మదిగా పోయేదాన్ని కొలబద్దగా ఉంచి, ఉరికేదాన్ని దించాం, ఎందుకంటే చేతగానిదాన్ని పైకి లాగలేం. తర్వాత రెండింటినీ కట్టకుండా, జానెడు ఎడంతో ఒకే చుట్టులో వదిలి, ఆ ఎడం పెరుగుతుందా తగ్గుతుందా అని కళ్లప్పగించి చూశాం. మూడో చుట్టు దాకా ఎడం మారలేదు కాబట్టి, అప్పుడు సివి 19లో జత నంబరు వేశాం. రైలు వంపు దాటింది, ఒక్క వ్యాగను పడలేదు.

అప్పుడు సాధనం లేదు, అయినా కూర్చున్నాం. ఇప్పుడు సాధనం ఉంది, కూర్చునేవాడు లేడు. ఇదే నా బాధ.

మీ ఇంట్లో రెండు ఇంజన్లు ఉంటే, ఈ ఆదివారం వాటిని కలపకండి. విడివిడిగా నడిపి, మీటరుకు ఎన్ని సెకన్లో రాసుకోండి.