ఖంగుమనాలి

హౌరా దగ్గరి లిలువా రైల్వే వర్క్‌షాపులో నన్ను బ్రాస్ అనేవారు. గూడ్సు వ్యాగను ఇరుసు చివర, నూనె పెట్టెలో బోర్లించిన కంచు ముక్కని నేను. పైన సరుకు బరువు, కింద తిరిగే ఇరుసు. ఇరుసుకు ఆనే వైపు మాత్రం నాకు వైట్ మెటల్ పూత ఉంటుంది: చాలావరకు సీసం, కాస్త తగరం, కాస్త ఆంటిమొని. అరగాల్సి వస్తే పూత అరగాలి, ఇరుసు అరగకూడదు. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంటు పొందిన ఉపాయం ఇది.

పూత అరిగితే లిలువాకు రావాల్సిందే. ఈస్ట్ ఇండియన్ రైల్వే 1900లో పెట్టిన షాపు అది. నాకు పోత పోసే మేస్త్రీది శ్రీకాకుళం వైపు. ఆయన మేనల్లుడే ఖలాసీ, చేతికింద కుర్రాడు.

ముందు పాత పూత కరిగించి దులిపేస్తారు. గీకి, జిడ్డు కడిగి, నవసాగరం రుద్ది, కళాయి పెడతారు. తర్వాత ఇరుసు కొలతకు చేసిన ఇనప దిమ్మెకు నన్ను ఆనించి, సందుల్లో మట్టి మెత్తి, పైనుంచి ధార ఆపకుండా పోస్తారు.

ఒకసారి నా మీద ముడతలు తేలాయి.

"ఏటి మావయ్యా, సీసం బాగానే కాగింది కదా?"

"సీసం కాగితే సరా? దిమ్మె చల్లగుంది. పెనం కాగకుండా అట్టేస్తే ఏటవుద్ది?"

కుర్రాడు ఈసారి దిమ్మె కాచాడు, దాంతోపాటు సీసాన్నీ అతిగా కాచాడు. పూత గరుకుగా, పొడిబారి దిగింది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అంతకు మించి ఎంత కాచాలన్నదే విద్య. మేస్త్రీ కొలత పుల్లతో: ముంచితే నల్లబడాలి, మండకూడదు. మరీ కాగితే తగరం చిట్టెంగా పైకి తేలిపోతుంది. ఆ చిట్టెం ధారలో పడితే గుంటలు. జిడ్డు మిగిలితే బుడగలు. నీటి చుక్క ఉంటే మాత్రం లోపమనకూడదు, ప్రమాదమనాలి. ఆవిరి పేలి కరిగిన సీసం ముఖాన చిమ్ముతుంది. కలియబెట్టకుండా నిలవుంచితే ఆంటిమొని గట్టి పలుకులు తేలికై పైకి చేరతాయి, పూత ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా వస్తుంది.

సీసం ఏ పనికి కరిగినా గుణం ఇదే. మా చుట్టుపక్కలే అది వేరే పనులకూ కరిగింది. హుగ్లీ నదికి అవతల డమ్‌డమ్‌లో 1890లలో తుపాకీ గుళ్ళయింది. మా లైన్లోనే పైన ఉన్న శ్రీరాంపూర్‌లో అచ్చక్షరాలయింది. 1812 మార్చి 11 రాత్రి మిషన్ ప్రెస్ తగలబడినప్పుడు తెలుగు అక్షరాలూ కరిగి ముద్దయ్యాయి. అక్షరాలు పోసే మూసలు దక్కాయి కనుక ఆ ముద్దల్నే కరిగించి మళ్ళీ పోశారు. రెండేళ్ళకు, 1814లో, మిషనరీ విలియం కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అక్కడే వెలువడింది. నాలాంటిదానికి ఇది చుట్టాల కథే.

కంటికి కనిపించే లోపాలతో నాకు పేచీ లేదు. ముడత కనిపిస్తే కరిగించి మళ్ళీ పోస్తారు, అంతే. భయమల్లా పైకి నునుపుగా ఉండి కంచుకు అతకని పూతతోనే. కళాయి సరిగా పట్టనిచోట వేడి కంచులోకి దిగదు. బరువుకు పూత చిట్లుతుంది, కరుగుతుంది, నూనె గుడ్డ అంటుకుంటుంది. హాట్ యాక్సిల్ అని రైలాపి వ్యాగనును విడదీస్తారు. అందుకే మేస్త్రీ ప్రతి బ్రాస్‌నూ వేలాడదీసి సుత్తితో తట్టేవాడు. ఖంగుమంటే సరే, బద్దగా మోగితే కుర్రాడి ముఖం చూసేవాడు. అనుమానం తీరకపోతే కిరసనాయిల్లో ముంచి, తుడిచి, అంచున సున్నం పూసేవాడు. లోపల సందుంటే సున్నం తడిసి పట్టిచ్చేది.

రోలర్ బేరింగులు వచ్చాక నాలాంటివాళ్ళం తుక్కులోకి వెళ్ళాం. కంచుకు ధర పలికింది. నా పూత వలలకు కట్టే గుళ్ళు పోసేవాడి మూకుట్లో పడింది. అతను సీసం పొగ పీలుస్తూ, సీసం ముట్టిన చేత్తోనే బీడీ ముట్టిస్తూ పోస్తాడు. మా మేస్త్రీ చూస్తే చెయ్యి కడుక్కోమని కసిరేవాడు. గుళ్ళ నిండా ముడతలు. నీళ్ళలో మునిగితే చాలంటాడు.